సిగ్నల్ ఫుల్, నెట్ రాదు: తప్పు యాక్సెస్ పాయింట్‌ది కాదు

మీ కాలేజీ వైఫైలో ఉదయం పదకొండు దాటాక ఫోన్లన్నీ ‘ఐపీ అడ్రస్ తీసుకుంటోంది’ దగ్గరే ఆగిపోతున్నాయంటే, చాలావరకు డీహెచ్‌సీపీలో (ఫోన్లకు ఐపీ అడ్రస్‌లు పంచే రూటర్ సేవ) అడ్రస్‌లు అయిపోయినట్టే. నెట్‌వర్క్‌లో ఎన్ని అడ్రస్‌లుండాలో చెప్పే సెట్టింగ్ మాస్క్. 255.255.255.0 మాస్క్‌తో వచ్చేవి 254 మాత్రమే. కొత్త యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) కొనకండి, అవి అడ్రస్‌లు పెంచవు.

1. రూటర్‌లో డీహెచ్‌సీపీ లీజుల జాబితా (ఏ ఫోన్‌కు ఏ అడ్రస్ ఎంతసేపటికి ఇచ్చిందో) చూడండి. నిండి ఉంటుంది.

2. లీజ్ టైమ్ 24 గంటలుంటే 2 గంటలు చేయండి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. పాత లీజులు పాత గడువుతోనే ఉంటాయి, కాబట్టి మార్పు వెంటనే కనిపించదు. రాత్రి కాలేజీ ఖాళీ అయ్యాక వాటిని క్లియర్ చేయండి. పగలు మాత్రం వద్దు, ఒకే అడ్రస్ ఇద్దరికి వెళ్లి ల్యాబ్‌లో పిల్లలు ఇబ్బంది పడతారు.

3. అయినా చాలకపోతే మాస్క్ 255.255.254.0 చేసి, డీహెచ్‌సీపీ రేంజ్ కూడా పెంచండి. 510 వస్తాయి. ఆఫీసు ప్రింటర్‌కు ఐపీ చేత్తో ఇచ్చి ఉంటే అక్కడా మాస్క్ మార్చాలి.