సంగీత సందేహాలు: ఎడమ చేతికి తకిట, కుడి చేతికి తకధిమి

ప్రశ్న: అమ్మా, ఇంట్లో 88 మెట్ల డిజిటల్ పియానో ఉంది. పాశ్చాత్య స్వరకర్త షోపాన్ పియానోకు రాసిన ‘ఫాంటసీ ఇంప్రాంప్టు’ పట్టుకుని నెలలు గడిచాయి. ఏ చేతికి ఆ చేయి బాగానే పలుకుతుంది, రెండూ కలిపితే తడబడతాను. టిక్ టిక్ మని లయ కొట్టే మెట్రోనోమ్ వేగం రోజూ కాస్త పెంచుతున్నా లాభం లేదు. సాయంత్రం కరెంటు పోతే ఆ సాధన కూడా ఉండదు. మృదంగం నేర్చుకుంటున్న తమ్ముడు నా అవస్థ చూసి నవ్వుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: ముందు ఆ నవ్వే తమ్ముణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకో తల్లీ. నీకు కావలసిన విద్య వాడి దగ్గరే ఉంది.

షోపాన్ 1834లో రాసి, బతికుండగా అచ్చుకు ఇవ్వని రచన ఇది. ఆయన పోయాక 1855లో మిత్రుడు ఫోంటానా వెలుగులోకి తెచ్చాడు. ఇందులో కుడి చేయి నాలుగు స్వరాలు వేసే వ్యవధిలో ఎడమ చేయి మూడే వేయాలి. చతురశ్రం మీద తిశ్రం అన్నమాట. పియానో మూసేసి బల్ల ముందు కూర్చో. పన్నెండు దాకా లెక్కపెడుతూ 1, 4, 7, 10 దగ్గర కుడి చేయి, 1, 5, 9 దగ్గర ఎడమ చేయి తట్టు. వరుస ఇలా వినిపిస్తుంది: రెండూ, కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి. కరెంటు లేని వేళకు ఇంతకన్నా మంచి పని లేదు. తర్వాత తమ్ముడు నాలుగక్షరాల తకధిమి చెబుతుంటే నువ్వు అదే వ్యవధిలో ఎడమ చేత్తో మూడక్షరాల తకిట వెయ్యి. అసలు వేగంలో ఎవరూ పన్నెండు లెక్కపెట్టలేరు. అప్పుడు ప్రతి ‘త’ దగ్గర చేతులు కలిస్తే చాలు, మధ్యలో దేని దారి దానిది.

ఇక పియానో దగ్గరకు రా. ఎడమ చేతి తకిట పరుగు మూడో బారులో (స్వరలిపిలో రెండు నిలువు గీతల మధ్య భాగమే బారు) మొదలవుతుంది, కుడి చేయి అయిదో బారులో వస్తుంది. కానీ అక్కడ కుడి చేతికి మొదట ఉన్నది స్వరం కాదు, విరామం. కలిసి దిగవలసిన చోట ఒక చేతికి దిగడానికే ఏమీ లేదు! బరంపురంలో నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో చాలామంది జారేది అక్కడే. అందుకే ఆ బారును రెండో సగం నుంచి, కుడి చేతి డీ షార్ప్ స్వరం నుంచి మొదలుపెట్టు. ఎనిమిది స్వరాలు వాయించి, గీత దాటి, తర్వాతి బారు మొదటి దెబ్బ మీద ఆగు. గీత దగ్గరే ఆగితే అతుకు ఎప్పటికీ కుదరదు. అది చేతికి వచ్చాకే మొదటి సగం ముందు చేర్చు.

మెట్రోనోమ్ మీద నాకు పెద్ద భక్తి లేదు. వేగం పెంచుకుంటూ పోతే తప్పు కూడా వేగం పుంజుకుంటుంది. వేలు తప్పిన స్వరాన్ని తిట్టుకోకుండా దాని ముందరి స్వరం దగ్గర చేయి ఎక్కడుందో చూడు. చాలాసార్లు బొటనవేలు కిందికి ఆలస్యంగా వచ్చి ఉంటుంది. వేళ్ల అంకెలు పెన్సిలుతో రాసుకో, పూటకో రకంగా మార్చకు. కుడి చేతి స్వరాలను జతలుగా తీసుకుని మొదటిదాన్ని సాగదీసి రెండోదాన్ని చటుక్కున వెయ్యి, మర్నాడు తారుమారు చెయ్యి. మధ్యలో వచ్చే నెమ్మది భాగం తేలికేలే అని మాత్రం అనుకోవద్దు. దాని సంగతి మరోసారి చెబుతాను.

ప్రశ్న: కష్టమైన భాగాలు గంటలకొద్దీ వాయిస్తే ముంజేయి లాగుతోంది. ఓర్చుకుంటే బలం వస్తుందని ఒకరన్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: కాదు, వెంటనే ఆపండి. రోజుకు మూడు గంటలకు మించి సాధన వద్దని షోపానే శిష్యులకు చెప్పేవాడు. పావుగంటకోసారి చేతులు దించి వదులుగా వేలాడనివ్వండి. మణికట్టు మెట్ల కన్నా కిందికి కుంగితే స్టూలు ఎత్తు పెంచండి. కొద్దిరోజులు మానినా లాగడం తగ్గకపోతే డాక్టరుకు చూపించండి, మళ్లీ నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకండి.