సొంతగడ్డ మ్యాచ్‌కి ముందు ఏం రాయాలి?

చిరంజీవికి ఆశీస్సులు.

ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి నువ్వు రాసి పంపిన ప్రివ్యూ చదివాను. తమ్ముడూ, ఆట నీకు బాగా తెలుసు, అందులో అనుమానం లేదు. కానీ మొదటి పేజీ అయిపోయేదాకా నువ్వు ఏ జట్టు మనిషివో నాకు అర్థం కాలేదు. పాయింట్ల పట్టిక, గత మ్యాచ్‌ల ఫలితాలు, రెండు జట్ల పాత లెక్కలు వరసగా పేర్చావు. వాటిని ఎవరైనా పేరుస్తారు. మ్యాచ్ తలుచుకుని నిద్ర పట్టని అభిమాని మాత్రమే రాయగలిగిన మాట ఒకటి నీ చివరి పేజీలో ఎక్కడో నలిగిపోయి ఉంది, కుడి అంచు కాచే మన డిఫెండర్ గురించి: "మన రైట్ బ్యాక్ ముందుకి వెళ్తే వెనక ఎవరుంటారు?" నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

ప్రత్యర్థి జట్టు పటిష్టంగా ఉందని రాస్తే ఎవరికీ టెన్షన్ పుట్టదు. నీకు ఎక్కడ భయమో, ఎవరిని చూస్తే భయమో, ఏ నిమిషంలో భయమో చెప్పు. వాళ్ల ఎడమ వింగర్, అంటే ఆ అంచు నుంచి దాడి చేసేవాడు, లైన్ పట్టుకుని పరిగెత్తే రకం కాదని నువ్వే రాశావు. బంతి అందగానే లోపలికి తిరుగుతాడు. మన రైట్ బ్యాక్ అతని వెంటే లోపలికి వస్తే బయట దారి ఖాళీ. ఆ దారిలో వాళ్ల లెఫ్ట్ బ్యాక్ దూసుకొస్తాడు. అతన్ని అందుకోవాలంటే మన వింగర్ వెనక్కి పరిగెత్తాలి. మొదటి అరగంట పరిగెత్తుతాడు, సరే. 70వ నిమిషంలో? ఆ ప్రశ్న వేసి పేరా ఆపెయ్. జవాబు నీ దగ్గర లేదు, ఉన్నట్టు నటించకు. అది చదివినవాడు ఆదివారం స్టాండ్స్‌లో నిలబడ్డా, టీవీ ముందు కూర్చున్నా, బంతి ఎక్కడ తిరుగుతున్నా ఓ కన్ను ఆ మూల మీద వేసి ఉంచుతాడు. ప్రివ్యూ నుంచి నేను ఆశించేది అంతే. ఎవరు గెలుస్తారో మ్యాచ్ ఎలాగూ చెబుతుంది.

ఇక సొంతగడ్డ సంగతి. "సొంత మైదానంలో ఆడటం మనకు కలిసొచ్చే అంశం" అని ఒక ముక్క రాసి దాటేశావు. నాకు కాస్త కోపం వచ్చింది అక్కడే. ఎలా కలిసొస్తుందో చెప్పవేం?

కరోనా కాలం మనకు ఈ విషయంలో పెద్ద పాఠమే చెప్పింది. 2020-21 సీజన్లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ దాదాపు మొత్తం ఖాళీ స్టేడియాల్లోనే నడిచింది. 380 మ్యాచ్‌ల్లో హోమ్ జట్లు గెలిచినవి 144 అయితే, బయటి నుంచి వచ్చిన జట్లు గెలిచినవి 153. ఆ దేశపు టాప్ డివిజన్ చరిత్రలో అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు. లివర్‌పూల్ సంగతే చూడు. తన సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో వరసగా 68 లీగ్ మ్యాచ్‌లు ఓడకుండా ఆడిన జట్టు 2021 జనవరిలో బర్న్‌లీ చేతిలో 1-0తో ఓడింది. అక్కడితో ఆగలేదు, సొంత మైదానంలో వరసగా ఆరు లీగ్ మ్యాచ్‌లు పోగొట్టుకుంది. గడ్డి అదే, గోల్ పోస్టులు అవే, జనం మాత్రం లేరు. అలాగని నేరమంతా ఖాళీ కుర్చీల మీద తోసెయ్యకు. వాన్ డైక్ లాంటి డిఫెండర్లు అప్పుడు గాయాలతో బయట కూర్చున్నారు. రెండు కారణాలూ రాసేవాడినే పాఠకుడు నమ్ముతాడు.

జనం అరుపు ముందు ఎవరి మీద పనిచేస్తుందో కూడా ఆలోచించు. ఇంగ్లండ్‌లో ఒక ప్రయోగం చేశారు. ఒకే మ్యాచ్‌లోని టాకిల్స్‌ని, అంటే బంతి లాక్కోవడానికి మీద పడ్డ సందర్భాలని, కొందరు రిఫరీలకు జనం శబ్దంతో, కొందరికి శబ్దం తీసేసి చూపించారు. శబ్దం విన్నవాళ్లు హోమ్ జట్టు మీద తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. స్పెయిన్ లీగ్ మ్యాచ్‌లను పరిశీలించిన ఆర్థికవేత్తలకు ఇంకోటి కనబడింది: హోమ్ జట్టు ఒక్క గోల్ వెనకబడి ఉంటే రిఫరీ చివర్లో కలిపే ఇంజ్యూరీ టైమ్ పెరుగుతోంది, ఒక్క గోల్ ముందుంటే తగ్గుతోంది. రిఫరీలు అమ్ముడుపోయారని కాదు. చెవులున్న మనుషులు, అంతే. ఇది తెలిశాక "మన అభిమానులే మన పన్నెండో ఆటగాడు" అన్న అరిగిపోయిన మాట నీకు అవసరం ఉండదు.

అయితే ఈ జనమే మన కొంప కూడా ముంచగలరు, దాన్ని నువ్వసలు ముట్టుకోలేదు. 60 నిమిషాలు గడిచాయనుకో, స్కోరు 0-0. వాళ్లు పదిమందీ తమ బాక్స్ ముందు గోడ కట్టేశారు. వాళ్ల కీపర్ గోల్ కిక్ తీయడానికి తీరిగ్గా నడుస్తున్నాడు. మన సెంటర్ బ్యాక్‌కి ముందు దారి దొరక్క బంతిని కీపర్‌కి వెనక్కిచ్చాడు. అప్పుడు స్టేడియం మొత్తం ఒక్కసారి "అబ్బా" అంటుంది. అది వాళ్లకి బలం, మనవాళ్లకి బరువు. రెండు నిమిషాల్లో మన మిడ్‌ఫీల్డర్లు ఓపిక వదిలేసి పొడుగు బంతులు కొట్టడం మొదలెడతారు. ఒక కౌంటర్ ఎటాక్ చాలు, మ్యాచ్ పోతుంది.

1950 జులై 16న మరకానా స్టేడియంలో ఉరుగ్వేతో ఆడిన బ్రెజిల్‌కి ప్రపంచ కప్పు గెలవడానికి డ్రా సరిపోతుంది. దాదాపు రెండు లక్షల మంది సొంత జనం. రెండో హాఫ్ మొదట్లోనే బ్రెజిల్ గోల్ కొట్టింది. 66వ నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు స్కియాఫినో స్కోరు సమం చేశాడు. ఆ 1-1తో కూడా కప్పు బ్రెజిల్‌దే! అయినా జనం మూగబోయారని ఆ రోజు అక్కడున్నవాళ్లు చెప్పుకొచ్చారు. 79వ నిమిషంలో ఘిగ్జియా ఉరుగ్వేకి రెండో గోల్ కొట్టాడు, కప్పు వాళ్లదైంది. కష్టమైన హోమ్ మ్యాచ్ గురించి రాసే ప్రతివాడూ ఆ పదమూడు నిమిషాల గురించి ఆలోచించాలంటాను. మీ స్టాండ్స్ ఎంత హోరెత్తుతాయో నువ్వు రాశావు. గోల్ పడితే ఎంత తొందరగా చల్లబడతాయో కూడా నీకు తెలుసు కదా, అదీ రాయి.

వాళ్ల గోల్ కీపర్‌ని వెక్కిరించిన పేరా తీసెయ్. నువ్వు అతన్ని తక్కువ చేసిన కొద్దీ మనం గెలిచినా ఆ గెలుపు చిన్నదైపోతుంది.

చివర్లో 2-1 అని వేశావు. ఉంచు. అభిమాని అన్నాక స్కోరు చెప్పకుండా ఉండలేడు. కానీ ఆ 2-1 ఎక్కణ్ణుంచి వచ్చిందో నీ వ్యాసంలో ఎక్కడా లేదు. ఆశకి కూడా ఆధారం కావాలి. 2019 మే 7న ఆన్‌ఫీల్డ్‌కి బార్సిలోనా వచ్చినప్పటి పరిస్థితి తీసుకో. ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ అది, రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్క. మొదటి మ్యాచ్‌లో లివర్‌పూల్ 3-0తో ఓడి ఉంది. దాడిలో ముందుండే సలా లేడు, ఫిర్మినో లేడు. ఆ రాత్రి 4-0తో గెలుస్తుందని పొద్దున్నే లెక్కగట్టి చెప్పడం ఎవరి వల్లా కాదు. లివర్‌పూల్ ఆటగాడు వైనాల్డమ్ అసలు మొదటి పదకొండు మందిలోనే లేడు. రాబర్ట్‌సన్‌కి దెబ్బ తగిలితే అతని బదులు హాఫ్ టైమ్‌కి దిగి, వెంటవెంటనే రెండు గోల్స్ కొట్టాడు. ఇది ఏ ప్రివ్యూలోనూ ఉండదు. కానీ బార్సిలోనా అంతకుముందు ఏడాదే రోమా మీద 4-1 ఆధిక్యంతో వెళ్లి 3-0తో ఓడి (మొత్తం 4-4 అయినా, ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్‌కి ఎక్కువ విలువిచ్చే అప్పటి నిబంధన వల్ల) ఇంటిదారి పట్టిందన్న సంగతి పొద్దున్నే అందరి కళ్ల ముందూ ఉంది. మూడు గోల్స్ ఆధిక్యం ఆ జట్టు చేతిలో భద్రంగా ఉండదని రాయడానికి ఆ ఒక్కటీ చాలు. నీ ఆదివారం మ్యాచ్‌కి అలాంటి ముక్క ఏముందో వెతుకు. బహుశా వాళ్లు కార్నర్ కిక్‌ల దగ్గర పడే ఇబ్బందిలో ఉంది. నువ్వు ఒక బ్రాకెట్‌లో రాసి వదిలేసిన విషయమే అది.

చిన్నచిన్నవి కొన్ని. పదేళ్ల కిందటి ఫలితాలు కొట్టెయ్. అప్పటి ఆటగాళ్లూ లేరు, కోచ్‌లూ లేరు. "ఉత్కంఠభరితం", "హోరాహోరీ" లాంటివి ఎనిమిది చోట్ల ఉన్నాయి, ఒక్కటీ అక్కర్లేదు. గెలిచిన రోజు వేసుకున్న జెర్సీని ఉతక్కుండా దాచానని రాశావు చూడు, అది మాత్రం ముట్టుకోకు. నవ్వొచ్చింది, నమ్మకమూ కలిగింది. మ్యాచ్ అయ్యాక ఫలితాన్ని బట్టి ప్రివ్యూని దిద్దే అలవాటు కొందరికి ఉంది. నువ్వు చేసుకోకు.

రైట్ బ్యాక్ పేరా ముందుకి తెచ్చి, కార్నర్ల విషయం బ్రాకెట్‌లోంచి బయటకి తీసి, శుక్రవారం రాత్రికి నాకు మళ్లీ పంపు. మీ కోచ్ గాయాల గురించి చెప్పేది ఆ రోజే కాబట్టి అతని మాట కోసం ఒక వాక్యం చోటు ఖాళీగా ఉంచు. ఆ రైట్ బ్యాకే ఆడటం లేదని చెప్పాడనుకో, మొత్తం మళ్లీ రాయాల్సి వస్తుంది. శనివారం నాకు ఖాళీయే, ఫోన్ చెయ్.