బోటు డెక్కు ఉబ్బిపోయింది, షాపు పట్టించుకోవడం లేదు: కేసు వెయ్యొచ్చా?

ప్రశ్న: మాది విశాఖ పెద్ద జాలారిపేట. చిన్న ఫైబర్ బోటు ఉంది. నేను, మా తమ్ముడు, ఇంకో మనిషి కలిసి వేటకు వెళ్తాం. ఈ ఏడాది వేట నిషేధం రోజుల్లో డెక్కు మార్పించాను. షాపతను ‘ఇది మెరైన్ ప్లైవుడ్, బోట్లకు ఇదే వాడతారు, పదేళ్లు చూసుకోనక్కర్లేదు’ అని షీట్లు, పైన అంటించే ఫోమ్ మ్యాట్ ఇచ్చాడు. బిగించే మనిషిని కూడా అతనే చూపించాడు. సరుకు, కూలి కలిపి 62 వేలు అయింది. నాలుగు నెలలకే షీట్లు ఉబ్బి పొరలు విడిపోతున్నాయి. మ్యాట్ అంచులు లేచాయి. మొన్న తమ్ముడు జారిపడితే మోకాలు వాచింది. షాపతను బిగించినవాడి తప్పంటాడు, బిగించినవాడు సరుకే బాగోలేదంటాడు. ‘మీరు వ్యాపారానికి కొన్నారు, కన్స్యూమర్ కోర్టు మీకు వర్తించదు’ అని కూడా షాపతను అంటున్నాడు. బిల్లు ఇవ్వలేదు. సగం డబ్బు ఫోన్‌పేలో పంపాను. డెక్కు మొత్తం పీకేసి కొత్తది వేయించుకుందాం అనుకుంటున్నాను. ఏం చెయ్యమంటారు?

జవాబు: కేసు వెయ్యొచ్చు. కానీ దయచేసి డెక్కు ఇప్పుడే పీకెయ్యకండి. మీ కేసంతా ఆ చెక్కలోనే ఉంది. అది పోతే మీ మాటకు అతని మాట ఎదురు, అంతే.

ముందు షాపతను చెప్పిన వ్యాపారం సంగతి చూద్దాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) ప్రకారం వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారు, ఆ మాట నిజమే. కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకుంటే అది వ్యాపారం కిందకు రాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. సహాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదని 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ బోటు మీద మీరే వేటకు వెళ్తున్నారు. పది బోట్లు అద్దెకు తిప్పే యజమాని పరిస్థితి వేరు. ఫిర్యాదులో ‘ఈ బోటే మా ఇంటికి ఆధారం, నేనే స్వయంగా వేటకు వెళ్తాను’ అని స్పష్టంగా రాయండి. ఈ వాక్యం మర్చిపోయి ఇబ్బంది పడేవాళ్లు చాలామంది ఉంటారు.

బిల్లు లేదని కూడా టెన్షన్ పడొద్దు. బిల్లు ఇవ్వకపోవడమే చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి. ఫోన్‌పే రికార్డు ఉంది, షాపతనితో మెసేజ్‌లు ఉంటే అవీ సాక్ష్యమే. ఫోన్ మార్చకండి, ఒక్క మెసేజ్ కూడా డిలీట్ చెయ్యకండి. వాటి ప్రింట్ ఇచ్చేటప్పుడు 2023 భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ (ఆ రికార్డు ఫలానా ఫోన్‌లోదేనని ధ్రువీకరించే పత్రం) జతచేయండి, లేకపోతే ఎదుటివాళ్లు అభ్యంతరం చెప్పొచ్చు.

ఇక అసలు చిక్కు: తప్పు సరుకుదా, పనిదా? కూర్చుని డెక్కును దగ్గరగా చూడండి. షీటు మీద ముద్ర ఏముంది? నిజమైన మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710 ప్రమాణం. దాని జిగురు 72 గంటలు నీళ్లలో ఉడికించినా పొరలు విడవకుండా ఉండాలి. ఇళ్లలో అల్మారాలకు వాడే మామూలు ప్లైవుడ్‌కు ఐఎస్ 303 అని ఉంటుంది. ఐఎస్‌ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని ఒక నంబరు ఉంటే దాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, ఆ లైసెన్సు ఎవరిదో తెలుస్తుంది. 303 షీటు ఇచ్చి మెరైన్ అన్నాడంటే షాపతని మీద కేసు చాలా గట్టిది. బోటుకు కావాలని చెప్పి, అతని మాట నమ్మి కొన్నారు కాబట్టి 1930 సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 16 కూడా మీవైపే ఉంటుంది.

ముద్ర 710 అని ఉండి, అది అసలుదేనని తేలితే అప్పుడు పని వైపు చూడాలి. స్క్రూ పక్కన చెక్క నల్లబడి ఉందా? మంచి షీటైనా కోసిన అంచుకూ, స్క్రూ కన్నానికీ ఎపాక్సీ (నీరు దిగకుండా పూసే గట్టి జిగురు) పట్టించకపోతే ఉప్పునీరు అక్కడి నుంచే లోపలికి దిగుతుంది. స్క్రూ తలలు తుప్పు పట్టాయంటే ఉప్పునీటిని తట్టుకునే స్టెయిన్‌లెస్ 316 రకం బదులు చవక రకం వాడారేమో అడగాలి. షీటు అడుగుభాగాన రెజిన్ పూశారా? మ్యాట్ కింద చెమ్మ ఉండగానే అంటించారా? ఇవన్నీ బిగించినవాడి సేవాలోపం కిందకు వస్తాయి. ఒక్కోసారి రెండు తప్పులూ కలిసి ఉంటాయి. అందుకే ఫిర్యాదులో షాపునూ, బిగించినతన్నీ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి. ఎవరి వాటా ఎంతో వినియోగదారుల కమిషన్ (కన్స్యూమర్ కోర్టు అంటే ఇదే) తేలుస్తుంది.

రేపే చెయ్యాల్సిన పని: ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పది రోజుల్లో వచ్చి బోటు చూసుకోవాలని, రాకపోతే సాక్షుల ఎదుట షీట్లు తీయిస్తానని అందులో రాయండి. గడువు దాటాక పీకేటప్పుడు వీడియో తీయించండి. ముద్ర ఉన్న ముక్క, నల్లబడిన ముక్క, రెండు మూడు స్క్రూలు ఒక సంచిలో వేసి సీలు చేసి, పక్క బోటు వాళ్లిద్దరి చేత తేదీతో సంతకాలు పెట్టించండి. కమిషన్ కూడా సెక్షన్ 38 కింద నమూనాను ల్యాబ్‌కు పంపగలదు, ఫీజు మాత్రం ముందుగా మీరే కట్టాలి. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రం విశాఖలోనే ఉంది. బోట్ల చెక్క గురించి తెలిసినవాళ్లు అక్కడ ఉన్నారేమో, నిపుణుల అభిప్రాయం కోసం అడిగి చూడండి.

ఫిర్యాదు విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వెయ్యాలి. షాపు వేరే జిల్లాలో ఉన్నా మీరు ఉండేచోట వెయ్యొచ్చు. మీరు చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చెయ్యొచ్చు. లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. ఉచిత సహాయం కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, ఫోన్ 15100. కేసుకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఒకసారి ఫిర్యాదు పెట్టి చూడండి. కొందరు షాపులవాళ్లు అక్కడితోనే దిగొస్తారు.

ఏమడగాలంటే: సరుకు ధర, కూలి, పీకి మళ్లీ వేయించే ఖర్చు, తమ్ముడి వైద్యం, వేటకు వెళ్లలేని రోజుల నష్టం. చివరిదానికి ఆధారం కావాలి. నిరుటి ఇదే నెలల్లో హార్బర్‌లో చేపల వేలం చీటీలు, డీజిల్ రసీదులు తీసి దాచండి.

కొత్త డెక్కు వేయించేటప్పుడు కొటేషన్ మీద షీటు గ్రేడు, మందం, స్క్రూ రకం, అంచులకు ఎపాక్సీ, పైన ఫైబర్ ఎన్ని పొరలు అన్నీ రాయించి సంతకం తీసుకోండి. ముద్ర కనపడేలా షీటు ఫోటో బిగించకముందే తీయండి. ఈలోగా పొరలు లేచిన షీట్ల మీద కాలు పెట్టి వల లాగకండి. తమ్ముడి మోకాలికి డాక్టరు చీటీ ఇంకా తీసుకోకపోతే ఈరోజే తీసుకుని, ఎక్కడ ఎలా జారిపడ్డాడో అందులో రాయించండి.