లోలకం పాఠంలో జట్టుకో లెక్క వస్తే

ఒడిశాలోని పర్లాకిమిడి బడిలో ప్రాక్టీస్ టీచింగ్‌కి లోలకం (దారానికి కట్టి ఊపే రాయి) ప్రయోగం చేయిస్తే జట్టుకో లెక్క వచ్చిందని, కంగారులో జవాబు మీరే చెప్పేశారని, ఆపైన పిల్లలు నోరు విప్పలేదని రాశారు. కంగారు సహజమేనండీ. ముందురోజే ఒకసారి చేసి చూసుకుంటే సగం భయం పోతుంది.

అటు వెళ్లి తిరిగి వస్తే ఒక ఊపు. 25 సెంటీమీటర్ల దారానికి 10 ఊపులకు సుమారు 10 సెకన్లు, 100 సెంటీమీటర్లకు సుమారు 20 సెకన్లు పడుతుంది. రాయి వదలగానే 'ఒకటి' అన్న జట్టుకు ఒక ఊపు తగ్గుతుంది, అక్కడ 'సున్నా' అనాలి. పొడవు రాయి మధ్య దాకా కొలవాలి. అసలు తికమక బరువు మారిస్తే సమయం మారుతుందా అని చూసే దగ్గర: రెండో రాయిని మొదటిదాని కింద కడితే పొడవు పెరుగుతుంది, పిల్లలేమో బరువు వల్లే ఆలస్యమైందని గట్టిగా నమ్మేస్తారు. రెండూ పక్కపక్కనే కట్టించండి.

జట్టుకు నలుగురు చాలు. ఎక్కువైతే పని లేనివాళ్లు అల్లరి మొదలెడతారు.

అంకెలన్నీ బోర్డు మీద రాయండి, ఏదీ తప్పనకండి. "ఈ జట్టు ఎలా లెక్కపెట్టింది?" అని అడిగి 3 సెకన్లు ఆగండి. టీచర్లు సాధారణంగా ఒక సెకను మాత్రమే ఆగుతారని, 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని సైన్స్ బోధనపై పరిశోధన చేసిన మేరీ బడ్ రో 1970ల్లో చూపించారు. ఆ మౌనం మొదట్లో చాలా బరువుగా ఉంటుంది, ఓర్చుకోండి.

జట్టులో ఇంటి మాటలోనే మాట్లాడుకోనివ్వండి. లోలకానికి 'దోళక' అన్న ఒడియా మాట చివర్లో రాయండి. ముందే రాస్తే తెలుగు, సవర పిల్లలు ఆ మాట తప్పుగా పలుకుతామేమోనని వెనక్కి తగ్గుతారు.