బండి కబుర్లు: షార్జా హెడ్‌లైట్లు మన రోడ్డుకు పనికొస్తాయా?

ప్రశ్న: నమస్తే సార్. నాది 2009 హోండా అకార్డ్, 2.4 పెట్రోల్. మొన్న వానల్లో తార్నాక దగ్గర ముందు పోతున్న ఆటో ఉన్నట్టుండి ఆగడంతో గుద్దేశాను. రెండు హెడ్‌లైట్లు, ముందు బంపర్ పోయాయి. ఏసీ కంప్రెసర్ అంతకుముందు నుంచే అరుస్తోంది. అన్నీ కొత్తవి వేయిస్తే బండి అమ్మినా ఆ డబ్బు రాదని మెకానిక్ అంటున్నాడు. మా బావమరిది షార్జాలో ఉంటాడు. అక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలో ఇదే మోడల్ పాత పార్టులు చవగ్గా ఉన్నాయని ఫొటోలు పంపాడు. వాటిలో లైట్లు తళతళలాడుతున్నాయి. ఇంటికి సామాన్లు పంపే కార్గోలోనే వేసేస్తానంటున్నాడు. యూఏఈతో మనకు ఒప్పందం ఉంది కాబట్టి సుంకం తగ్గుతుందని కూడా ఎవరో చెప్పారు. తెప్పించుకోమంటారా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: మీరు అడిగినవి మూడు వస్తువులు. హెడ్‌లైట్లు వద్దు. బంపర్ అసలే వద్దు. కంప్రెసర్ సంగతి చివర్లో చెబుతాను.

యూఏఈలో బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. డిమ్ వేసినప్పుడు హెడ్‌లైటు వెలుగు రెండు పక్కలా ఒకేలా పడదు. ఎదురొచ్చేవాడి వైపు కిందనే ఆగిపోతుంది, రోడ్డు అంచు వైపు కాస్త పైకి లేస్తుంది. మనకు రోడ్డు అంచు ఎడమన, వాళ్లకు కుడిన. షార్జా లైటు మీ బండికి చక్కగా కూర్చుంటుంది. బోల్టులు సరిపోతాయి, కనెక్టర్ సరిపోతుంది, పగలు చూస్తే ఏ తేడా కనిపించదు. రాత్రి డివైడర్ లేని రోడ్డెక్కితే మాత్రం ఎదురొచ్చే ప్రతి లారీవాడూ మీకు డిప్పర్ కొడతాడు. పైకి లేచే ఆ వెలుగు సరిగ్గా అతని కళ్లలోకే పోతుంది మరి. అద్దం మీద నల్ల టేపు ముక్క అతికిస్తే సరిపోతుందనే మేస్త్రీలు ఉన్నారు. ఇంగ్లండ్ నుంచి ఫ్రాన్స్‌కు కారులో వెళ్లేవాళ్లు అలాంటి స్టిక్కర్లే వాడతారు, నిజమే. అది సెలవుల ప్రయాణానికి. ఏడాది పొడుగునా టేపుతో తిరిగితే వెలుగు తగ్గి మీకే రోడ్డు కనిపించదు. కొన్ని కార్ల ప్రొజెక్టర్ లైట్లలో ఎడమకూ కుడికీ మార్చుకునే చిన్న మీట ఉంటుంది. చాలావాటిలో ఉండదు.

ఇంకోటి. ఫొటోలో లైట్లు తళతళలాడుతున్నాయని రాశారు. అక్కడి ఎండకు పాత హెడ్‌లైటు పసుపెక్కకుండా ఉండటం అరుదు. పాలిష్ పట్టి ఉంటారు. పాలిష్ పడితే ఎండను ఆపే పైపూత కూడా పోతుంది, కొన్నాళ్లకే మళ్లీ మసకేస్తుంది. ఈ పని మన రాణీగంజ్‌లోనూ చేస్తారు, షార్జావాళ్లను ఒక్కళ్లనే అనడం లేదు.

‘అయితే జపాన్‌లో స్టీరింగ్ మనలాగే కుడివైపు కదా, అక్కడి నుంచి తెప్పిస్తా’ అంటారేమో. పార్టుల షాపు కౌంటర్ వెనక సగం జీవితం గడిపినవాణ్ని, ఇక్కడే జనం ఎక్కువగా దెబ్బతినడం చూశాను. మీ బండి ఒళ్లు (బాడీ) అమెరికా అకార్డ్‌ది. జపాన్‌లో ఆ తరం ‘అకార్డ్’ పేరుతో అమ్మింది వేరే, కాస్త చిన్న కారు. మీ బండి ఒళ్లున్న కారు అక్కడ ‘ఇన్‌స్పైర్’ పేరుతో, 3.5 వీ6 ఇంజన్‌తో వచ్చింది. అంటే జపాన్ దుకాణంలో అకార్డ్ హెడ్‌లైటు అని అడిగితే మీకు పనికిరాని లైటు నిజాయితీగానే పంపిస్తారు. మీ ఒళ్లూ, కుడి స్టీరింగూ రెండూ ఉన్నవి థాయిలాండ్, మలేసియా, ఆస్ట్రేలియా బండ్లు. అందుకే మోడల్ పేరు, సంవత్సరం చెప్పి ఏ దేశంలోనూ పార్టు కొనొద్దు. మీ ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు తీసుకెళ్లి సర్వీస్ సెంటర్లో పార్టు నంబరు రాయించుకోండి. ఆ నంబరు పాత పార్టు మీద ఉన్న స్టిక్కరుతో గానీ అచ్చుతో గానీ చివరి అంకె వరకూ కలవాలి.

ఇక బంపర్. బరువు ఆరేడు కిలోలు ఉంటుందేమో. విమానంలో పంపేవాళ్లు తూకం ఒక్కటే చూడరు, పెట్టె ఆక్రమించే చోటుకు కూడా లెక్క కడతారు. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి కొరియర్ అయితే 5,000తో, మామూలు ఎయిర్ కార్గో అయితే 6,000తో భాగిస్తారు. బంపర్ పెట్టె 180, 60, 50 అనుకోండి. కొరియర్ లెక్కలో అది 108 కిలోలు, ఎయిర్ కార్గోలో 90 కిలోలు. ఆరు కిలోల ప్లాస్టిక్‌కు తొంభై కిలోల కిరాయి! ఓడలో పంపితే కిరాయి తక్కువే, కానీ అక్కడ ఘనపు మీటరు లెక్క, సాధారణంగా కనీసం ఒక మీటరుకు డబ్బు కట్టాలి. సరుకు ముంబై దగ్గరి నవషేవా రేవులోనో చెన్నైలోనో దిగి, రైల్లో సనత్‌నగర్ కంటైనర్ డిపోకు రావాలి. డెలివరీ ఆర్డరు, గోదాము, ఏజెంటు అంటూ ఇక్కడ కట్టేది చాలాసార్లు ఓడ కిరాయిని మించిపోతుంది. ఆలస్యమైతే రోజుకింత అని అద్దె వేరే.

ఇప్పుడు అసలు కిరికిరి. మీ బావమరిది చెప్పే కార్గో చీరలకు, పాలపొడికి, దుప్పట్లకు సరిపోతుంది. వాడిన కారు పార్టులకు దారి వేరు. మన విదేశీ వాణిజ్య విధానంలో, ఫ్యాక్టరీ యంత్రాల లాంటి క్యాపిటల్ గూడ్స్ కాని సెకండ్‌హ్యాండ్ సరుకు ‘పరిమితుల’ జాబితాలో ఉంది. దాన్ని తెప్పించాలంటే డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) నుంచి ముందుగా అనుమతి ఉండాలి. సొంత వాడకానికి కాబట్టి దిగుమతి కోడ్ అక్కర్లేదని ఏజెంటు చెబుతాడు. అది నిజమే. కోడ్ నుంచి మినహాయింపు ఉన్నంత మాత్రాన అనుమతి అవసరం పోదు. అనుమతి లేకుండా దిగితే కస్టమ్స్ వాళ్లు సరుకు జప్తు చేయొచ్చు, లేదా జరిమానా కట్టించుకుని వదలొచ్చు. అది అధికారి నిర్ణయం, మీ చేతిలో ఉండదు. వాడిన సరుకు కాబట్టి మీ బిల్లులో ధర నమ్మకుండా చార్టర్డ్ ఇంజనీర్‌తో విలువ కట్టించమనీ అనొచ్చు.

బహుమతి అని రాసి పంపితే పోలా అంటారా? 2019 డిసెంబరులోనే ఆ తలుపు మూసేశారు. పోస్టులో, కొరియర్‌లో గిఫ్టు పేరుతో సుంకం లేకుండా వచ్చేవి ఇప్పుడు ప్రాణాధార మందులు, రాఖీలు మాత్రమే. మీ బావమరిది బంపర్‌ను రాఖీ అని రాయలేడు కదా.

కొత్త పార్టుకు ఈ అనుమతి గొడవ లేదు, సుంకం కడితే చాలు. ఓడలో వచ్చిన బంపర్ మామూలు దిగుమతి లెక్కలో ఎంతవుతుందో చూడండి. కొన్న ధర, కిరాయి, బీమా అన్నీ కలిపి 20,000 అనుకుందాం. దాని మీద 15 శాతం కస్టమ్స్ సుంకం 3,000. ఆ సుంకం మీద 10 శాతం సంక్షేమ సర్‌చార్జి 300. మొత్తం 23,300 మీద 18 శాతం ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకు మీద పడే జీఎస్టీ, 4,194. అన్నీ కలిపి పన్నులే 7,494 రూపాయలు. కిరాయి మీద కూడా పన్ను పడుతోందని గమనించండి. 2025 సెప్టెంబరుకు ముందు ఈ ఐజీఎస్టీ 28 శాతం ఉండేది, ఆ మేరకు నయం. యూఏఈతో మనకు 2022 మే నుంచి వాణిజ్య ఒప్పందం ఉంది కాబట్టి సుంకం తగ్గుతుందని మీకెవరో చెప్పారట. ఆ రాయితీ యూఏఈలో తయారైన సరుకుకే. జపాన్‌లోనో థాయిలాండ్‌లోనో తయారై షార్జాలో అమ్ముడైన పార్టుకు వర్తించదు.

కంప్రెసర్. ఇది ఇంజన్ పక్కన ఉండేది కాబట్టి స్టీరింగ్ ఎటున్నా సాధారణంగా ఒకటే, పార్టు నంబరు కలిస్తే పనికొస్తుంది. కానీ ఆలోచించండి, గల్ఫ్‌లో పదేళ్లు తిరిగిన కారులో అన్నిటికన్నా ఎక్కువ అరిగిపోయేది ఏది? అక్కడ ఏసీ ఆపేది ఎప్పుడు? షార్జా నుంచి డోరో, అద్దమో, సీటో తెస్తానంటే అర్థం చేసుకుంటాను గానీ, ఏసీ కంప్రెసర్ తెస్తానంటే నవ్వొస్తుంది. మీదాన్ని మంచి ఏసీ షాపులో విప్పించండి. అరుపు చాలాసార్లు పుల్లీ బేరింగ్‌దో, క్లచ్‌దో అవుతుంది. అవి విడిగా దొరుకుతాయి.

మీ బండికి నేనైతే ఇలా చేస్తాను. బంపర్ ముక్కలు పారేయకుండా ప్లాస్టిక్ వెల్డింగ్ చేయిస్తాను, పెయింట్ పడ్డాక అతుకు కనిపించదు. హెడ్‌లైటు అద్దం బాగుండి, బోల్టులు బిగించే చెవులే విరిగితే చెవులు అతికించొచ్చు. అద్దమే పగిలితే ముందు గోషామహల్ తుక్కు దుకాణాల్లో చూడండి. అక్కడ లేకపోతే చెన్నై పుదుపేట, ముంబై కుర్లా, ఢిల్లీ మాయాపురి. అకార్డ్ పెద్ద నగరాల్లో బాగానే అమ్ముడైన బండి. ట్రాన్స్‌పోర్టులో రెండు రోజుల్లో వస్తుంది, కస్టమ్స్ లేదు, బిల్లుంటే చాలు. అదీ దొరక్కపోతే థాయిలాండ్ నుంచి కొత్త లైట్లు, సుంకం కట్టి.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. సంక్రాంతికి వస్తున్నాడు. అక్కడి జంక్‌యార్డులో మనమే విప్పుకుని తెచ్చుకోవచ్చట. నా కారుకు ఎయిర్‌బ్యాగ్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), ఫ్యూయల్ పంపు సూట్‌కేసులో తెమ్మంటే టెన్షన్ పడుతున్నాడు. భయపడాల్సింది ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఉందమ్మా. పిల్లాడి భయమే కరెక్టు.

ఎయిర్‌బ్యాగ్‌లో పేలే మందు ఉంటుంది. ప్రయాణికుల సామానులో విమానం ఎక్కించడం కుదరదు. ఎక్కించగలిగినా నేను వద్దనే అంటాను. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల కథ మీరు వినే ఉంటారు. వేడికి, తేమకు అందులోని మందు పాడై, పేలినప్పుడు ఇనుప ముక్కలు మనిషి మీదికే వచ్చాయి. ప్రపంచంలోనే అతిపెద్ద కార్ల రీకాల్ అది, 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. యార్డులో పడున్న బండికి ఆ రీకాల్ పని జరిగిందో లేదో మీ అబ్బాయికి ఎలా తెలుస్తుంది? ఎయిర్‌బ్యాగ్, సీట్‌బెల్టు ఈ రెండూ పాతవి ఏ దేశం నుంచీ, ఏ ధరకూ కొనొద్దు.

ఫ్యూయల్ పంపు ఎంత కడిగినా పెట్రోలు వాసన పోదు. వాసన వస్తే ఎయిర్‌లైన్స్ వాళ్లు దింపేస్తారు. ఇంధనం తాకిన ఏ పార్టుకైనా ఇదే గతి. ఈసీయూ ఒక్కటే తేలిక, చిన్నది. కానీ అది ఆ బండి తాళంచెవితో జత కట్టి ఉంటుంది. దొంగతనాన్ని ఆపే ఇమ్మొబిలైజర్ ఒప్పుకోకపోతే ఇంజన్ స్టార్ట్ కాదు. పైగా అమెరికా బండ్ల పొగ నిబంధనలు వేరు, సెన్సర్లు వేరు. ముందు ఇక్కడ ఈసీయూ రిపేరు చేసేవాళ్లకు మీది చూపించండి. లోపలికి నీళ్లు చేరడమే జబ్బయితే బాగవ్వొచ్చు. అబ్బాయిని ఖాళీ చేతులతో రానివ్వండి.

ప్రశ్న: రాణీగంజ్‌లో ఒకాయన జపాన్ ఇంజన్, 40 వేల కిలోమీటర్లే తిరిగింది అంటున్నాడు. నమ్మొచ్చా? బిగించాక ఆర్టీఏ గొడవ ఉంటుందా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: తక్కువ తిరిగిన ఇంజన్లు జపాన్ నుంచి రావడం నిజమే. అక్కడ కొత్త కారుకు మూడేళ్లకు, తర్వాత రెండేళ్లకోసారి ‘షాకెన్’ అనే తనిఖీ ఉంటుంది. దాని ఖర్చు భరించలేక చాలామంది బండిని త్వరగా వదిలించుకుంటారు. అయితే కిలోమీటర్లు మీటరులో ఉంటాయి, ఇంజన్ మీద రాసి ఉండవు. కాబట్టి ఆయన నోటిమాట వదిలేయండి. కంప్రెషన్ టెస్టు (సిలిండర్లలో ఒత్తిడి కొలిచేది) చేయించండి, ఆయిల్ మూత తీసి లోపల నల్లటి మడ్డి ఉందేమో చూడండి, జీఎస్టీ బిల్లు మీద ఇంజన్ నంబరు రాయించుకోండి. దిగుమతి సరుకు అన్నాడు కాబట్టి కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ (సరుకు దిగుమతి పత్రం) కాపీ కూడా అడగండి. అది ఇవ్వడానికి నసిగితే బయటికి వచ్చేయండి.

ఆర్టీఏ పని ఉంటుంది. బిగించాక కాదు, ముందే వెళ్లాలి. ఇంజన్ మారిస్తే ఆర్‌సీలో నంబరు మారాలి, బీమా కంపెనీకీ తెలియజేయాలి. బిల్లు లేని ఇంజన్‌తో ఈ రెండూ జరగవు. రేపు అది దొంగ బండిదని తేలితే పోలీసులు మొదట వచ్చేది మీ ఇంటికే. మీ పాత ఇంజన్‌ను షెడ్డులో వదిలేసి రాకండి, దానికి తుక్కు ధర వస్తుంది. బేరంలోనే తగ్గించమనండి.