లివర్ కణాల మీద ఇన్సులిన్ రిసెప్టర్లు ఎందుకు తగ్గుతాయి?

విశాఖలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్న చెల్లి అడిగింది: కల్చర్‌లో, అంటే ల్యాబ్ గిన్నెలో పెంచుతున్న లివర్ కణాలకు ఒక రోజు ఇన్సులిన్ ఇస్తే రిసెప్టర్లు (కణం మీద ఇన్సులిన్‌ను పట్టుకునే ప్రోటీన్లు) తగ్గాయి, కణాలు పాడైనట్టేనా?

కాదమ్మా, టెన్షన్ పడకు. కణం తనను తాను అదుపులో పెట్టుకునే తీరే అది. ఇన్సులిన్ అతుక్కోగానే రిసెప్టర్ దానితో సహా లోపలికి వెళ్తుంది. లోపలి సంచుల్లో ఆమ్లత్వం పెరిగి ఇన్సులిన్ విడిపోతుంది. చాలా రిసెప్టర్లు తిరిగి పైకి వస్తాయి, కొన్ని లైసోజోముల్లో (కణంలో పనికిరానివాటిని జీర్ణం చేసే సంచులు) నాశనమవుతాయి. హార్మోన్ గంటల తరబడి ఎక్కువగానే ఉంటే నాశనమయ్యేవి పెరుగుతాయి. కొత్తవి తయారయ్యే వేగం సరిపోక మొత్తం సంఖ్య పడిపోతుంది. కల్చర్‌లో దీన్ని 1974లోనే చూపించారు, అయితే లివర్ కణాల్లో కాదు, మనిషి లింఫోసైట్లలో (ఒక రకం తెల్ల రక్తకణాలు).

నన్నడిగితే ముందు మీడియంలో (కణాలను పెంచే పోషక ద్రవం) ఏమేం కలిపారో చూడు. లివర్ కణాల మీడియంలో చాలాసార్లు రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఇన్సులిన్ ముందే ఉంటుంది. అలాంటప్పుడు నీ కంట్రోల్ కణాల్లోనూ (పోల్చడానికి విడిగా ఇన్సులిన్ ఇవ్వకుండా ఉంచినవి) రిసెప్టర్లు తగ్గే ఉంటాయి. కణాలను కొన్ని గంటలు ఇన్సులిన్, సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) రెండూ లేని మీడియంలో ఉంచి, అప్పుడు మొదలుపెట్టు.

రిసెప్టర్లను 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచి చూడు. ఆ చలిలో రిసెప్టర్లు లోపలికి వెళ్లవు కాబట్టి పైనున్నవే లెక్కకొస్తాయి. మన వైజాగ్ ఉక్కపోతలో ఐస్ ఇట్టే కరిగిపోతుంది, జాగ్రత్త.