కచేరీ నడిచిన మేడ ఎవరిది?

ప్రశ్న: విజయనగరంలో మా ముత్తాతగారి దివాణం ఉంది. జమీందారీ రోజుల్లో ముందు సావిట్లో ఎస్టేటు కచేరీ (కార్యాలయం) నడిచేది, వెనక లోగిలిలో మావాళ్లు కాపురం ఉండేవారు. తర్వాత దాన్ని ప్రభుత్వ కార్యాలయానికి అద్దెకిచ్చారు. ఇప్పుడు హాస్టలు నడుస్తోంది. 2009 నుంచి అద్దె లేదు. 2024లో అడిగితే సర్కారు ఆస్తి అని లేఖ ఇచ్చారు. వంశ ప్రతిష్ఠే పోయిందని నాయనమ్మ ఏడవని రోజు లేదు. పాత స్టాంపు కాగితంపై దస్తావేజు పుట్టిస్తానని ఒక మధ్యవర్తి అంటున్నాడు.

జవాబు: మీరు వంశ ప్రతిష్ఠ గురించి చాలా రాశారు. వ్యాజ్యాన్ని తేల్చేది మాత్రం ఎస్టేటు రద్దయిన నాడు ఆ భవనం దేనికి వాడుకలో ఉందన్న ఒక్క విషయమే. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం 18వ సెక్షను ప్రకారం, జమీందారు తన ఎస్టేటు పాలనకు కార్యాలయంగా, మరే అవసరానికీ కాకుండా, వాడుతున్న భవనం ప్రభుత్వానికి సంక్రమించింది. నివాస గృహాలు యజమానులకే దక్కాయి. వెనక కాపురం ఉందని రుజువైతే, ముందు కచేరీ నడిచినంత మాత్రాన మేడ సర్కారుది కాదని నా అభిప్రాయం.

దీనికి జ్ఞాపకాలు చాలవు. 1888లో ఏర్పడిన విజయనగరం మునిసిపాలిటీ పాత ఇంటిపన్ను రిజిస్టర్ల నకళ్లు, ఆ ఇంటి చిరునామాతో ఉన్న జనన నమోదులు, తొలి సాధారణ ఎన్నికల ఓటర్ల జాబితా, అన్నిటికన్నా ముఖ్యంగా అద్దె ఒప్పందం, చెల్లింపుల కాగితాలు సేకరించండి. అద్దెదారుగా ప్రవేశించినవారు, ఆ అద్దె సంబంధం కొనసాగుతుండగా గానీ, ఆ తర్వాత గానీ, అద్దెకిచ్చిన నాటికి వారికున్న హక్కును కాదనలేరు.

అద్దె ఆగినంత మాత్రాన మీ హక్కు పోలేదు. అద్దెదారు నుంచి స్వాధీనం కోరడానికి ఉన్న పన్నెండేళ్ల గడువు అద్దె ఒప్పందం ముగిసిన నాటి నుంచి నడుస్తుంది కనుక, అది ఏనాడు ముగిసిందో చూడకుండా నేను ధైర్యం చెప్పలేను. హక్కు ప్రకటన (ఆస్తి మీదేనని కోర్టు తేల్చి చెప్పడం) మాత్రమే కోరే దావాకైతే మూడేళ్లే గడువు. 2024 లేఖను బీరువాలో దాచి ఇన్నాళ్లు ఊరుకోవడం క్షమించరాని అజాగ్రత్త. వినతిపత్రాలు ఎన్ని ఇచ్చినా కాలం ఆగదు.

ఆ మధ్యవర్తిని గడప తొక్కనివ్వకండి. అతను చెప్పేది ఫోర్జరీ. మీరు జైలుకు వెళ్లడమే కాక, మీ నిజమైన కాగితాలను కూడా కోర్టు నమ్మదు. ముప్పయ్యేళ్లు దాటిన పత్రం ఉండవలసిన చోటు నుంచి వస్తేనే దాన్ని అసలైనదిగా కోర్టు భావించే వీలుంది. అందుకని అసలు పత్రాలు ఎవరి చేతికీ ఇవ్వకండి.

వెంటనే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను కింద కలెక్టరుకు నోటీసు పంపండి. నోటీసు ఇచ్చాక దావా వేసే ముందు ఆగవలసిన రెండు నెలల వ్యవధి గడువు లెక్కలోకి రాదు. తర్వాత వాటాదారులందరినీ చేర్చి, హక్కు ప్రకటన, స్వాధీనం కలిపి దావా వేయండి. అద్దె బకాయి మాత్రం గత మూడేళ్లకే అడగగలరు.